నలభైమంది శ్రోతలు

మాంచెస్టర్ అన్న పేరు వినగానే మన పెద్దలకు ముందుగా స్ఫురించేది బట్ట. పందొమ్మిదవ శతాబ్దంలో లాంకషైర్ మిల్లుల నుంచి ఓడలమీద వచ్చి దిగిన చవుక బట్ట ఆంధ్రదేశపు మగ్గాలను మూలబెట్టింది. విదేశవస్త్ర బహిష్కారం నాటి మంటలలో కాలినది చాలావరకు ఆ సరకే. 1931లో గాంధీమహాత్ములు ఇంగ్లండు వెళ్లినప్పుడు లాంకషైర్‌లోని డార్వెన్ ప్రాంతానికి కూడా పోయి, అక్కడి మిల్లు కార్మికులతో ముఖాముఖి మాట్లాడారు. కనుక ఆ సీమ మనకు దూరమైనదే గాని అపరిచితమైనది కాదు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినది మాంచెస్టర్ నగరంలోని ఒక సభామందిరాన్ని గురించి. ఆ మందిరపు పై అంతస్తులోని చిన్న హాలులో 1976 జూన్ 4వ తేదీ శుక్రవారం రాత్రి జరిగిన ఒక కచేరీని గురించి. అంతకంటె ముఖ్యంగా, ఆ కచేరీకి వచ్చిన సుమారు నలభైమంది శ్రోతలను గురించి.

సంగీత చరిత్రలు సాధారణంగా గాయకుల చరిత్రలు. ఎవరు పాడారు, ఏమి పాడారు, ఎవరివద్ద నేర్చుకున్నారు అన్న విషయాలకే వాటిలో చోటు. ఎదుట కూర్చుని విన్నవారు ఆ గ్రంథాలలో ఒక సంఖ్యగా మిగులుతారు, లేదా కరతాళధ్వనులుగా మిగులుతారు. ఈ కచేరీ విషయంలో ఆ క్రమం తారుమారైంది. వేదిక మీద ఉన్నవారు ఆ రాత్రి ప్రత్యేకంగా సాధించినది స్వల్పం. విన్నవారు ఆ తరువాత చేసినది అనల్పం. నేడు ప్రపంచమంతటా ‘ఇండీ రాక్’ అని వ్యవహరిస్తున్న సంగీతశాఖకు ఉన్న మూలాలలో ముఖ్యమైనదొకటి ఆ కుర్చీల వరుసలలో ఉన్నది.

ఈ మాటలను కొంచెం వివరించవలసి ఉన్నది. రాక్ సంగీతం అంటే విద్యుత్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు ప్రధాన వాద్యాలుగా, ఒక గాయకుడు ముందు నిలిచి పాడే బృందసంగీతం. దానిలో 1970 దశాబ్దం మధ్యలో తలెత్తిన కరకు శాఖ ‘పంక్’. ‘ఇండీ’ అన్నది ‘ఇండిపెండెంట్’ అన్న మాటకు ముద్దుపేరు. మొదట అది రాగానికో శైలికో పెట్టిన పేరు కాదు. వ్యాపారానికి సంబంధించిన పేరు. పెద్ద గ్రామఫోను కంపెనీల పెట్టుబడి లేకుండా, వాటి పంపిణీ యంత్రాంగంతో నిమిత్తం లేకుండా, స్వతంత్రంగా ముద్రించి అమ్మిన రికార్డు ఇండీ రికార్డు. తరువాతికాలంలో ఆ పేరు ఒక బాణీకి, ఒక వేషధారణకు, ఒక స్వభావానికి కూడా అంటుకున్నది.

ఇక ఆ మందిరం కథ. మాంచెస్టర్‌లో పీటర్ వీధిలో ఉన్న ఫ్రీ ట్రేడ్ హాలు నిలిచిన నేల సామాన్యమైనది కాదు. దానిని పూర్వం సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనేవారు. 1819 ఆగస్టు 16వ తేదీన పార్లమెంటులో ప్రాతినిధ్యం కోరుతూ సుమారు 60,000 మంది జనం అక్కడ సమావేశమైనారు. వారిలో చాలామంది నేతపనివారు. హెన్రీ హంట్ అనే వక్త వేదిక ఎక్కాడో లేదో, అతనిని బంధించమని అధికారులు ఉత్తరువు చేశారు. ఆశ్వికదళం కత్తులు దూసి నిరాయుధులైన జనం మీదికి వచ్చింది. పదిహేనుమందికి తక్కువ కాకుండా మరణించారు, వందలమంది గాయపడ్డారు. అంతకు నాలుగేళ్లక్రితం జరిగిన వాటర్లూ యుద్ధాన్ని తలపిస్తూ ఈ దారుణానికి ‘పీటర్లూ’ అన్న పేరు వచ్చింది. ఉపన్యాసం వినడానికి వచ్చినవారు చరిత్రకెక్కిన నేల అది.

ధాన్యపు దిగుమతులపై పన్నులు విధించే శాసనాలకు వ్యతిరేకంగా మాంచెస్టర్‌లో గొప్ప ఆందోళన సాగింది. ఆ ఆందోళనకు నాయకుడైన రిచర్డ్ కాబ్డెన్ ఈ స్థలాన్ని సభలకోసం ఇచ్చాడు. మొదట కొయ్యతో, తరువాత ఇటుకతో కట్టిన మందిరాలు అక్కడ నిలిచాయి. 1846లో ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ ఆ శాసనాలను రద్దుచేయించాడు. ఆ విజయానికి స్మారకంగా లేచిన రాతికట్టడం 1856లో పూర్తి అయింది. ఒక మహాపురుషుడి పేరో, మతసంబంధమైన పేరో కాక, ‘స్వేచ్ఛావాణిజ్యం’ అనే ఒక సూత్రం పేరు పెట్టుకున్న మందిరం అది. పీల్ పేరును శ్రోతలు గుర్తుంచుకోవాలి. దానితో మరొకమారు పని పడుతుంది.

1905 అక్టోబరు 13వ తేదీన ఈ మందిరంలో లిబరల్ పార్టీ సభ జరిగింది. సర్ ఎడ్వర్డ్ గ్రే ప్రసంగించాడు. ప్రేక్షకులలో నుంచి ఆనీ కెన్నీ అనే మిల్లు కార్మికురాలు, క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్ అనే విద్యావతి లేచి, మీ పార్టీ అధికారానికి వస్తే స్త్రీలకు వోటుహక్కు ఇస్తారా అని అడిగారు. జవాబు రాలేదు. మళ్లీ అడిగారు. వారిని బయటికి ఈడ్చివేశారు. జరిమానా చెల్లించడానికి నిరాకరించి ఇద్దరూ చెరసాలకు వెళ్లారు. బ్రిటనులో స్త్రీల వోటుహక్కు ఉద్యమం సమరమార్గం పట్టినది ఆ ప్రశ్నతోనే అని చరిత్రకారులు చెబుతారు. ఆనాటి ప్రసంగంలోని వాక్యాలు ఎవరికీ జ్ఞాపకం లేవు. కుర్చీలలో నుంచి వచ్చిన ప్రశ్న మాత్రం నిలిచింది.

1858లో చార్లెస్ హాలే స్థాపించిన ప్రసిద్ధ వాద్యబృందానికి ఇదే నివాసం. 1940 డిసెంబరులో జర్మను బాంబులకు లోపలి భాగం ధ్వంసమైంది, గోడలు మిగిలాయి. మళ్లీ కట్టి 1951లో తెరిచారు. ఆ కొత్త మందిరంలో 1966 మే 17వ తేదీన అమెరికను గాయకుడు బాబ్ డిలన్ పాడాడు. మొదటి సగం ఒంటరిగా, మామూలు గిటారుతో జానపదబాణీలో పాడి, రెండవ సగంలో విద్యుత్ గిటారుతో, బృందంతో వచ్చాడు. పాత బాణీని ప్రేమించిన శ్రోతలకు అది నమ్మకద్రోహంగా తోచింది. వారిలో ఒకడు లేచి, క్రీస్తును పట్టి ఇచ్చిన జూడాస్ పేరుతో డిలన్‌ను కేకవేశాడు. ఆ కేక టేపు మీద పడింది. దొంగచాటు రికార్డుగా, అదీ లండనులోని ఆల్బర్ట్ హాలు కచేరీ అన్న తప్పుడు పేరుతో, అది దేశదేశాలు తిరిగి, చివరకు 1998లో సక్రమంగా విడుదలయింది.

1819లో గుమిగూడిన జనం, 1905లో లేచిన ప్రశ్న, 1966లో వినబడిన కేక: ఈ మూడింటిలోనూ ముఖ్యపాత్ర వేదికకు ఎదురుగా ఉన్నవారిదే. 1976లో జరిగినది ఈ వరుసలో నాలుగవది.

ఆనాటి పరిస్థితిని కూడా గమనించాలి. బ్రిటనులో నిరుద్యోగుల సంఖ్య పదిలక్షలు దాటిన కాలం. మాంచెస్టర్ చుట్టుపట్ల మిల్లులు ఒకటొకటిగా మూతపడుతున్నవి. పాత ఇండ్లను కూల్చిన ఖాళీస్థలాలు ఊరినిండా కనబడేవి. రాక్ సంగీతం మాత్రం వైభవశిఖరం మీద ఉన్నది. పేరున్న బృందాలు వేలమంది పట్టే క్రీడామందిరాలలో కచేరీలు చేసేవి. వారి వాద్యసామగ్రిని మోయడానికి లారీలు కావాలి. ఒక్కొక్క పాట అరగంట సాగడం కద్దు. ప్రేక్షకుడికి వేదిక మీది మనిషి బొటనవ్రేలంత కనబడేవాడు. ఇష్టమైన బృందాన్ని కళ్లారా చూశామన్న తృప్తి ఉండేదేమో గాని, మనకూ వారికీ మధ్య ఏదైనా సంబంధం ఉన్నదన్న భావం కలగడానికి అవకాశం తక్కువ.

మాంచెస్టర్‌కు సమీపంలోని బోల్టన్‌లో హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ అనే మారుపేర్లు ధరించిన ఇద్దరు యువకులు సాంకేతిక విద్యాలయంలో చదువుకుంటున్నారు. 1976 ఫిబ్రవరిలో ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ అనే వారపత్రికలో లండను బృందం ఒకదానిపై వచ్చిన చిన్న సమీక్ష చదివారు. ఆ బృందం పేరు సెక్స్ పిస్టల్స్. మాల్కమ్ మెక్‌లారెన్ అనే దుస్తుల దుకాణదారు దానికి నిర్వాహకుడు. జానీ రాటెన్ గాయకుడు. స్టీవ్ జోన్స్, గ్లెన్ మ్యాట్‌లాక్, పాల్ కుక్ వాద్యకారులు. అంతకు మూడునెలలముందు, 1975 నవంబరు 6వ తేదీన, ఒక చిత్రకళాశాలలో మొదటి కచేరీ చేసిన పిల్లకాయలు వారు. రికార్డు లేదు, రేడియోలో వినబడలేదు. వారిని ఎరగడానికి ఉన్న దారి ఒక్కటే: వెళ్లి చూడడం. ఆ మిత్రులిద్దరూ కారు సంపాదించుకుని దక్షిణానికి వెళ్లారు. లండను శివార్లలో వరుసగా రెండు రాత్రులు ఆ బృందాన్ని చూశారు. ఉత్తరానికి తిరిగి వస్తూనే రెండు నిర్ణయాలు చేసుకున్నారు. ఒకటి, తామే ఒక బృందం కట్టాలి. దానికి ‘బజ్‌కాక్స్’ అని పేరు పెట్టారు. రెండవది, ఆ లండను బృందాన్ని తమ ఊరికి రప్పించాలి.

ఫ్రీ ట్రేడ్ హాలు పై అంతస్తులో లెసర్ ఫ్రీ ట్రేడ్ హాలు అనే చిన్న హాలు ఉండేది. ఉపన్యాసాలకూ చిన్న సమావేశాలకూ దానిని అద్దెకు ఇచ్చేవారు. దానికి ఆ మిత్రులు చెల్లించిన అద్దె 32 పౌన్లు. టిక్కెట్టు ధర 50 పెన్నీలు. తమ బృందం అప్పటికి సిద్ధం కాకపోవడంతో, మొదట వాయించడానికి సాల్‌స్టిస్ అనే బోల్టన్ బృందాన్ని పిలిచారు. షెల్లీ టిక్కెట్ల గుమ్మం దగ్గర కూర్చున్నాడు. మెక్‌లారెన్ వీధిలో నిలబడి, దారిన పోయేవారిని లోపలికి రమ్మని పిలుస్తున్నాడు. స్టీవ్ డిగిల్ అనే యువకుడు వేరెవరినో కలుసుకోవడానికి హాలు ముందు నిలబడి ఉన్నాడు. షెల్లీ వెదకుతున్న వాద్యకారుడు ఇతడే కాబోలు అనుకుని మెక్‌లారెన్ అతనిని లోపలికి తీసుకుపోయి పరిచయం చేశాడు. పొరపాటున కలిసిన ఆ ఇద్దరూ నలభై సంవత్సరాలకు పైబడిన మైత్రికి, ఒక ప్రసిద్ధ బృందానికి మూలపురుషులైనారు. డిగిల్ ఎదురుచూసిన మనిషి సంగతి చరిత్రకు అక్కరలేకపోయింది.

ఆ రాత్రి కచేరీని ఎవరో టేపు చేశారు. 2016లో అది అధికారికంగా వెలువడింది. పన్నెండు పదమూడు పాటలు. వాటిలో కొన్ని ఇతరుల పాత పాటలే. గిటారు బిగ్గరగా, గరుకుగా వినబడుతుంది. గాయకుడు పాడుతున్నాడో, తగవులాడుతున్నాడో చెప్పడం కష్టం. పాటకూ పాటకూ మధ్య హాలులోనుంచి విడివిడిగా కొన్ని గొంతులు, కొద్దిపాటి చప్పట్లు. ధ్వనిముద్రణ విషయంలో కొంత అలవాటు ఉన్న చెవితో వింటే, ఖాళీకుర్చీలు ఎక్కువగా ఉన్న గది అని తెలుస్తుంది. ఈ టేపును మాత్రమే విన్నవారికి, ఇంత ప్రఖ్యాతి ఎందువల్ల వచ్చిందన్న సందేహం కలగకమానదు. నాదం అక్కడ ఉన్నది. అక్కడివారు చూసినది మాత్రం టేపులో లేదు.

వారు చూసినదేమిటి? తమ వయస్సువారు, తమవంటి ఇండ్లలో పుట్టినవారు, నాలుగు గజాల దూరంలో నిలబడి, మూడు నాలుగు స్వరసంపుటాలతో పాటలు కట్టి, తప్పులు చేస్తూ, తప్పులకు సిగ్గుపడకుండా వాయించడం. గిటారు తీగలమీద వ్రేళ్లు ఎక్కడ పడుతున్నవో కనబడుతూనే ఉన్నది. మహావిద్వాంసుని కచేరీ విన్నప్పుడు శ్రోతకు కలిగేది విస్మయం. ఇది మన తరమా అన్న వినయం. ఉత్తమకళ మనకు చేసే మేళ్లలో అదొకటి. కాని కళకు మరొక ధర్మం కూడా ఉన్నది: ఇది నావల్ల కూడా అవుతుందేమో అన్న ధైర్యాన్ని పుట్టించడం. రికార్డు ఫలాన్ని అందిస్తుంది గాని చెట్టును చూపదు. ఎన్నిమార్లు తప్పి, దిద్దుకుని, అతికించి ఆ నాదాన్ని సిద్ధం చేశారో వినేవాడికి తెలియదు. సన్నిధిలో అన్నీ బయలుపడతాయి. ఆ నలభైమందికి ఆ రాత్రి అందినది ఈ రహస్యం. అది విని తెలుసుకునేది కాదు, చూసి తెలుసుకునేది.

చూసినవారెవరో ఇప్పుడు చెప్పాలి. సాల్‌ఫర్డ్ నుంచి వచ్చిన బాల్యమిత్రులు పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ అక్కడ ఉన్నారు. హుక్ మరునాడే దుకాణానికి పోయి బేస్ గిటారు కొన్నాడు. అంతకుముందు అతనికి దానిని వాయించడం రాదు. మార్క్ స్మిత్ అనే యువకుడు ఉన్నాడు. ‘ది ఫాల్’ అనే బృందాన్ని స్థాపించి, 2018లో మరణించేవరకు నడిపినవాడు అతడే. మోరిసీ అనే పదిహేడేళ్ల పిల్లవాడు ఉన్నాడు. తాను చూసినదాన్ని గురించి వెంటనే పత్రికకు లేఖ వ్రాశాడు. ఆరేళ్ల తరువాత ‘ది స్మిత్స్’ బృందానికి గాయకుడైనవాడు అతడు. జూలై 20వ తేదీన అదే హాలుకు అదే లండను బృందం మళ్లీ వచ్చింది. ఈసారి జనం బాగా పెరిగారు. డెవోటో, షెల్లీల బజ్‌కాక్స్ ఆ రాత్రే మొదటిసారిగా వేదిక ఎక్కింది. ఆ రెండవ కచేరీకి వచ్చినవారిలో ఇయాన్ కర్టిస్ ఒకడు. హుక్, సమ్నర్‌లతో అతడు కలిసినందువల్ల ఏర్పడినదే ‘జాయ్ డివిజన్’.

ఇక్కడ చరిత్రకారుడు జాగ్రత్త వహించవలసిన సంగతి ఒకటి ఉన్నది. జూన్ 4వ తేదీన హాలులో ఉన్నవారు నలభైమంది. ఉన్నామని తరువాత చెప్పుకున్నవారు వందలు, కొందరి పరిహాసం ప్రకారం వేలు. డేవిడ్ నోలన్ అనే రచయిత ఈ విషయం మీదనే ఒక గ్రంథం వ్రాసి, ఎవరు మొదటిసారి వచ్చారు, ఎవరు జూలైలో వచ్చారు, ఎవరు రానేలేదు అని విచారించాడు. గ్రనాడా టెలివిజనులో పనిచేసిన టోనీ విల్సన్ తాను మొదటి రాత్రే ఉన్నానని చెప్పేవాడు. కాదని వాదించినవారూ ఉన్నారు. చూడనిదాన్ని చూశామని చెప్పుకునేవారందరినీ అబద్ధాలకోరులని కొట్టివేయడం సులభం. కాని అందులోనూ ఒక సాక్ష్యం ఉన్నది. విన్నామని చెబితే చాలని ఎవరూ అనుకోలేదు. అక్కడ ఉన్నామని చెప్పుకోవాలనుకున్నారు. ఆ సన్నిధికి లోకం ఎంత విలువ కట్టిందో ఆ అబద్ధాలే చెబుతున్నవి.

చూసి ఊరుకోకుండా, చూసినదాని ఫలితాన్ని మొట్టమొదట చేతికి వచ్చేటట్లు చేసినవారు బజ్‌కాక్స్. 1976 డిసెంబరు 28వ తేదీన మాంచెస్టర్‌లో ఒక చిన్న స్టూడియోలో నాలుగు పాటలు రికార్డు చేశారు. మార్టిన్ హానెట్ అనే స్థానికుడు ధ్వనిముద్రణను నడిపించాడు. పెద్ద కంపెనీలన్నీ లండనులోనే ఉన్నవి. వాటి గుమ్మాల దగ్గర పడిగాపులు పడేకంటె తామే అచ్చువేయించుకోవడం మేలని తలచి, బంధుమిత్రుల దగ్గర 500 పౌన్లు అప్పుచేశారు. ‘న్యూ హార్మోన్స్’ అని తమ సంస్థకు పేరు పెట్టుకుని, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అన్న రికార్డును వెయ్యి ప్రతులు వెలువరించారు. ఆ వెయ్యీ త్వరలోనే చెల్లిపోయి, మళ్లీ మళ్లీ అచ్చువేయగా మొత్తం 16,000 వరకు అమ్ముడుపోయాయి.

ఆ రికార్డు అట్టను ఒకసారి పరిశీలించాలి. ముందువైపు బొమ్మ వారి స్నేహితుడు క్షణంలో తీసిన పోలరాయిడ్ ఛాయాచిత్రం. మాంచెస్టర్ నడిబొడ్డున ఉన్న రాబర్ట్ పీల్ విగ్రహం దగ్గర నిలబడి తీయించుకున్నది. ఏ శాసనం రద్దుకు స్మారకంగా ఆ మందిరం వెలసిందో, ఆ శాసనాన్ని రద్దుచేయించిన పీల్ ఇతడే. వారు అది తలచి నిలబడ్డారని నేను అనను. ఊరిలో అందరూ కలుసుకునే చోటు అది. అట్ట వెనుకవైపు ఉన్నది మరింత విలువైనది. ప్రతి పాట ఎన్నవ ప్రయత్నంలో వచ్చింది, దానిపై తరువాత ఏమైనా చేర్చారా లేదా అన్న వివరాలు అచ్చువేశారు. పెద్ద కంపెనీలు దాచే వంటయింటిని వీరు గుమ్మంలో పెట్టి చూపించారు. జూన్ 4వ తేదీన కంటితో నేర్చుకున్న పాఠాన్ని, ఆ రాత్రి అక్కడ లేనివారికి కూడా అట్టమీద అచ్చువేసి పంచిపెట్టారన్నమాట.

ఈ మార్గాన చాలామంది నడిచారు. 1976లోనే లండనులో దుకాణంగా మొదలైన ‘రఫ్ ట్రేడ్’ ఇటువంటి రికార్డులను అమ్మి, పంపిణీ చేసి, తరువాత తానే ప్రచురణసంస్థ అయింది. మాంచెస్టర్‌లో టోనీ విల్సన్, అలన్ ఎరాస్మస్ 1978లో ‘ఫ్యాక్టరీ’ అన్న పేరుతో పని ప్రారంభించారు. ఖర్చులు పోగా మిగిలిన లాభంలో సగం సంగీతకారులకు, సగం సంస్థకు అన్నది వారి పద్ధతి. 1979 జూన్‌లో వారు జాయ్ డివిజన్ మొదటి ఆల్బమును వెలువరించారు. దాని ధ్వనిముద్రణకు సూత్రధారి ఆ మార్టిన్ హానెట్ మహాశయుడే. 1980 జనవరి నుంచి స్వతంత్ర రికార్డుల అమ్మకాలకు బ్రిటనులో ప్రత్యేకమైన పట్టిక ప్రచురించడం మొదలైంది. ఇండీ అన్న మాట వ్యవహారంలో స్థిరపడినది ఆ పట్టిక వల్లనే.

ఇందులో రేడియో పాత్ర ఏమీ లేదా అని శ్రోతలు అడగవచ్చును. ఉన్నది. బీబీసీలో 1967 నుంచి 2004లో మరణించేవరకు పనిచేసిన జాన్ పీల్ అనే ప్రసారకుడు, రాత్రి ప్రొద్దుపోయాక ఇటువంటి రికార్డులను పనిగట్టుకుని వినిపించేవాడు. పేరులేని బృందాలను బీబీసీ స్టూడియోకు పిలిపించి, ఒక్కరోజులో సాధారణంగా నాలుగు పాటలు రికార్డు చేయించి ప్రసారం చేసేవాడు. పైన చెప్పిన బజ్‌కాక్స్, జాయ్ డివిజన్, స్మిత్స్ అందరూ ఆ స్టూడియోకు వెళ్లినవారే. ది ఫాల్ ఇరవైనాలుగుసార్లు వెళ్లింది. నలభైమంది ఉన్న గదిలో పుట్టినదాన్ని దూరపు పల్లెలలో ఒంటరిగా మేలుకొని ఉన్న పిల్లలకు చేర్చినది రేడియో. అయితే ఆ పిల్లలను ఇల్లు కదిలించి, బస్సెక్కించి, పొరుగూరి హాలుకు పంపినప్పుడే దాని పని నెరవేరింది. మా వృత్తి ఆహ్వానపత్రిక వంటిది. విందు వేరేచోట జరుగుతుంది.

ఆ విందు ఎంత క్షణికమైనదో చెప్పడానికి జాయ్ డివిజన్ చరిత్ర చాలును. ‘వార్సా’ అన్న పేరుతో 1977 మే 29వ తేదీన వారు మొదటిసారి మాంచెస్టర్‌లో వేదిక ఎక్కారు. ఇయాన్ కర్టిస్‌కు మూర్ఛవ్యాధి ఉండేది. పాడుతూ అతడు చేసే అంగవిన్యాసాన్ని చూసినవారికి, అది నృత్యమో వ్యాధిలక్షణమో తెలియని సందర్భాలు కలిగేవి. 1980 మే 2వ తేదీన బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో వారి చివరి కచేరీ జరిగింది. మే 18వ తేదీన, ఇరవైమూడేళ్ల వయస్సులో, కర్టిస్ ప్రాణం తీసుకున్నాడు. ఆ బృందాన్ని ఎదుట చూడగలిగిన కాలం మూడు సంవత్సరాలైనా నిండలేదు. ఆ చివరి కచేరీ టేపు 1981లో రికార్డుగా వచ్చింది. నేటికీ ఎవరైనా వినవచ్చును. వేదిక మీద ఆ యువకుడి అవస్థ కళ్లారా చూసిన కొన్నివేలమందికి మాత్రం ఆ పాటలు వేరుగా వినబడతాయి. మిగిలినవారు పుణ్యం చేసుకోలేదని కాదు. కొన్ని సంగతులు కాలంతోబాటు పోతాయని మాత్రమే.

ఈ కథను అతిగా సాగదీయడం న్యాయం కాదు. నలభైమంది వచ్చిన కచేరీలు ఏ దేశంలోనైనా ప్రతిరాత్రీ జరుగుతూనే ఉంటాయి; వాటిలో నూటికి తొంభైతొమ్మిది ఏ ఫలితమూ లేకుండా మరుగునపడతాయి. అదే ఏడాది అదే లండను బృందం మరెన్నో ఊళ్లలో వాయించింది. అంతటా ఇటువంటి పంట పండలేదు. మాంచెస్టర్‌లో పండడానికి కారణాలు పలు: ఖాళీపడిన మిల్లుల చవుక అద్దెలు, లండనుతో పాతకాలపు పోటీ, స్థానిక టెలివిజను, అన్నిటికీ మించి ఆ గదిలోనే ఒకరికొకరు పరిచయం కావడం. విచిత్రమేమంటే, ఈ స్వతంత్రమార్గానికి ప్రేరకమైన సెక్స్ పిస్టల్స్ తాము మాత్రం 1976 అక్టోబరులోనే ఈఎంఐ అనే మహాసంస్థతో ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందం చెడి, కంపెనీలు మారి, 1978 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీతో విచ్ఛిన్నమైనారు. ఫ్యాక్టరీ సంస్థ కూడా, ఆదర్శాలు ఎంత గొప్పవైనా, లెక్కలు సరిగా లేక 1992లో దివాలా తీసింది.

ఆ మందిరం గతి కూడా చెప్పి ముగిస్తాను. 1996లో హాలే వాద్యబృందం కొత్త భవనానికి తరలిపోయింది. పీటర్ వీధివైపు ఉన్న ప్రసిద్ధమైన ముఖభాగాన్ని నిలిపి, వెనుకభాగం కూల్చి, అక్కడ హోటలు కట్టారు. 2004 నుంచి అది అతిథులకు బస. జూన్ 4వ తేదీ కచేరీకి 2026లో యాభై ఏళ్లు. ఆ రాత్రి టిక్కెట్లు ఇచ్చిన షెల్లీ 2018లో, విల్సన్ 2007లో, హానెట్ 1991లో కాలధర్మం చెందారు.

నేడు కోరిన పాట కోరిన క్షణాన అరచేతిలో వినబడుతున్నది. అందువల్ల సంగీతానికి శ్రోతలు పెరిగారు. అది సంతోషించవలసిన విషయమే. కాని ఊరిలో నలభైమంది కూర్చోదగిన గది, తక్కువ అద్దెకు దొరికే గది, వచ్చినవారు వాయించేవాని వ్రేళ్లను దగ్గరగా చూడగల గది ఒకటి మిగిలి ఉన్నదా అన్న ప్రశ్న ఏ నాగరికతకైనా ముఖ్యమైనదే. మహామందిరాలను ప్రభుత్వాలు కడతాయి, వాటికి దాతలూ దొరుకుతారు. చిన్నగదికి ఎవరూ శంకుస్థాపన చేయరు. 32 పౌన్లు కూడబెట్టుకుని దానిని అద్దెకు తీసుకునే ఇద్దరు విద్యార్థులు, అందులోకి వచ్చి కూర్చునే నలభైమంది కావాలి. ఆ నలభైమందిలో ఒకరు మరునాడు ఉదయం వాద్యాల దుకాణానికి పోతే, ఆ కచేరీ ఇంకా ముగియలేదన్నమాటే.